కంపవాతము – రేయింబవళ్ల లయ



చేయి వణకుట, అడుగు తడబడుట, ముఖమున భావము మాయమగుట, వ్రాయగా వ్రాయగా అక్షరము చిన్నదగుట – కంపవాతమన్నంతనే మనకు తోచు లక్షణములివి. వైద్యులు పార్కిన్సన్ వ్యాధియనియు, మన పల్లెలవారు వణుకుడు జబ్బనియు చెప్పుకొను ఈ రోగమునకు ఇవన్నియు పగటి గుర్తులు, పదిమంది కంటబడునవి, వైద్యుని యెదుట కూర్చున్న పది నిమిషములలో పరీక్షకు లోబడునవి. ఈ రోగమునకే రాత్రిభాగ మొకటి కలదు. అది ఇంటిల్లిపాది నిద్రించిన పిదప రోగియు, రోగిని కనిపెట్టుకొనియున్న భార్యయో కోడలో మాత్రమే ఎఱిగినది. పగలంతయు కునికిపాట్లు, రాత్రియంతయు జాగరణము, కలలో కేకలు, వేకువజామున కొయ్యబాఱిన కాళ్లు చేతులు – వీనిని మనము ముసలితనపు చాదస్తములని త్రోసివేయుచున్నామే గాని, వ్యాధిలోని భాగములని గుర్తించుట లేదు.

నేను ఈ ప్రసంగమున మనవి చేయదలచిన దొక్కటే. కంపవాతము శరీరపు కదలికను మాత్రమే కాక, శరీరమునకు సహజమైన కాలజ్ఞానమును కూడ చెఱచును; కావున ఈ రోగులను సంరక్షించువారు మాత్రలయెడ ఎంత జాగరూకత వహింతురో, ఉదయపు వెలుగుయెడ, రాత్రి చీకటియెడ, వేళ తప్పని దినచర్యయెడ కూడ అంత జాగరూకత వహింపవలసియున్నది.

1817వ సంవత్సరమున లండను నగరమందలి జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు ఆఱుగురు రోగులను గూర్చి, అందును కొందఱిని వీథిలో నడచిపోవుచుండగా చూచి గుర్తించినవారిని గూర్చి, ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. వ్యాధి ముదిరినకొలది నిద్ర చెదరిపోవుననియు, వణకు రోగిని నిద్రనుండి లేపుననియు ఆయన ఆ గ్రంథముననే వ్రాసియుండుట గమనింపదగిన విషయము. తొలి పరిశీలకుని కంటబడిన ఈ రాత్రిబాధ తరువాతి కాలమున చిరకాలము మఱుగున పడిపోయెను. పడిపోవుటకు కారణము లేకపోలేదు: శాస్త్రజ్ఞుల దృష్టియంతయు కదలిక ఏల మందగించుచున్నదను ప్రశ్నమీదనే నిలిచియుండెను. నడిమెదడున నల్లని వన్నె గల ఒక చిన్న భాగమున డోపమైన్ అను ద్రవ్యమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటయే దానికి మూలమని ఇరువదవ శతాబ్దపు నడుమ తేలినది. రోగి చేయి మొదటిసారి వణకునాటికే ఆ కణములలో సుమారు సగము అంతరించియుండును.

ఈ కథలో మన దేశపు మొక్కలు రెండు పాలుపంచుకొన్నవి. 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్, మన సర్పగంధనుండి తీసిన రెసర్పిన్ అను మందుచేత కదలిక లేక పడియున్న కుందేళ్లకు డోపా అను పదార్థము నిచ్చి, అవి మఱల లేచి తిరుగుట లోకమునకు చూపెను. ఆ డోపాయే నేడు లెవోడోపా యను పేర కంపవాతమునకు ప్రధానౌషధము. అంతకు ఇరువది యేండ్లకు ముందే, 1937లో, మన చిత్తూరు జిల్లాయు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి ఇదే పదార్థమును వేఱుచేసి ప్రకటించియుండిరి. తాకినంతనే ఒళ్లంతయు దురద పుట్టించు ఆ దూలగొండి తీగను, ఆయుర్వేదము కపికచ్ఛువని పిలిచి వాతరోగములయందు వాడుచున్న ఆ తీగను, కొండంచు పల్లెలవారికి పరిచయము చేయ నక్కఱలేదు. అయినను గింజలో మందు ఎంత కలదో కొలత తెలియదు గనుక, వైద్యుడు వ్రాసిన మాత్రకు తోడుగా దూలగొండి చూర్ణమును తమంతట తాము మ్రింగుట ప్రమాదకరమని ఇచ్చటనే హెచ్చరించుట నా విధి.

కదలిక కథ ఇట్లుండగా, కాలపు కథ వేఱొక త్రోవను నడచినది. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు ద మైరాన్, పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొను అత్తిపత్తి జాతి మొక్కను ఎండ చొఱని చీకటిలో నుంచి, అది సూర్యుని చూడకయే తన వేళకు ఆకులు విప్పుటయు, తన వేళకు ముడుచుటయు కనిపెట్టెను. ప్రాణికి పగలు రాత్రి తెలియుట వెలుపలి వెలుగువలన మాత్రమే కాదు, లోపలనే కాలమును లెక్కించు ఏర్పాటు ఒకటి కలదని సూచించిన తొలి ప్రయోగ మది. సుమారు ఒక దినము వ్యవధిగా నడచు ఈ అంతరంగపు ఆవృత్తినే అహోరాత్ర లయ యందురు. వాడుకలో జీవగడియార మందురు.

ఈ జీవగడియారపు శాస్త్రమునందు మన తిరుపతికి ఒక స్థానమున్నదను మాట ఈ ప్రాంతపు వారిలోనే అనేకులకు తెలియదు; తెలిసికొని గర్వింపవలసిన మాట యది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపింపబడినది. సరిగా ఆ యేడే, కె. పంపాపతిరావు అను తెలుగు శరీరధర్మశాస్త్రజ్ఞుడు అమెరికాలో సముద్రపు ఆలిచిప్పలమీద తాను చేసిన పరిశీలనను ప్రకటించెను. ఆటుపోట్లను బట్టి నీటిని ఎక్కువ తక్కువలుగా లోనికి పీల్చి వెలికి విడుచు ఆ ఆలిచిప్పలు, ఆటు గాని పోటు గాని లేని ప్రయోగశాలలోని తొట్టిలో నుంచబడినప్పుడును, తాము పుట్టి పెరిగిన తీరపు ఆటుపోట్ల వేళలను మఱువక పాటించుచున్నవని ఆయన చూపెను. వేఱొక చోటికి మార్చినచో ఆ వేళలు క్రమముగా మారగలవనియు చూపెను. పుట్టుకతో వచ్చిన లయ ఒకటి కలదు, పరిసరములు దానిని సరిదిద్దగలవు – ఈ రెండు సత్యములును మన నేటి విషయమునకు మూలకందములు.

ఆ పంపాపతిరావుగారే తిరుపతి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖకు నాయకులై, 1960ల దశకమున శిష్యులతోగూడి మఱియొక ప్రాణిని పరిశోధనకు గైకొనిరి. అది రాళ్లక్రింద, పుట్టల దాపున, గొందులలో పగలంతయు దాగి, చీకటి పడగనే వేటకు వెడలు మండ్రగబ్బ. దానిని చూచినంతనే చెప్పుకై వెదకు పిల్లలు మనలో ఎందఱో! ఆ నల్లని ప్రాణియొక్క నాడీరజ్జువునుండి తమంతట పుట్టు విద్యుత్‌స్పందనములను, నాడులు పనిచేయుటకు తోడ్పడు ఎంజైముల చురుకును, రక్తములోని చక్కెరను రేయింబవళ్లు వేళవేళకు కొలిచి, అవి యన్నియు ఇరువదినాలుగు గంటల వ్యవధిలో పెరుగుచు తఱుగుచు నుండునని ఆ శాఖవారు నిరూపించిరి. బి. పద్మనాభనాయుడుగారు సహచరులతో 1978లో ప్రకటించిన వ్యాసమున, మండ్రగబ్బ గుండెకండరములోని గ్లైకోజెన్ నిల్వయు, దానిని కరగించు ఫాస్ఫొరిలేజ్ ఎంజైమును ఇదే లయకు లోబడియున్నవని తేలినది. నాడికి, నెత్తురుకు, గుండెకు, కండకు – ప్రతిదానికిని వేళ యున్నదన్న మాట. ఏడుకొండల పాదమున ఒక విశ్వవిద్యాలయపు గదిలో, మండ్రగబ్బను మేలుకొని కనిపెట్టిన ఆ విద్యార్థుల రాత్రులు వ్యర్థములు కాలేదు. ఏలయన మనుష్య శరీరమునందును విషయ మిట్లే యున్నది.

మన దేహమందలి కణములలో దాదాపు ప్రతిదానిలోను ఒక గడియారము కలదు. కొన్ని జన్యువులు ప్రోటీనులను పుట్టించుట, ఆ ప్రోటీనులు పేరుకొని తమ్ము పుట్టించిన జన్యువులనే అణచివేయుట, పిదప అవి నశింపగా జన్యువులు మఱల మేలుకొనుట – ఈ చక్రము ఒక తూరి తిరుగుటకు సుమారు ఒక దినము పట్టును. పండ్ల ఈగపై ఈ రహస్యమును విప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. తిరుమల ఆలయమున సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వఱకు పూలు కట్టువారు, పోటులో ప్రసాదములు వండువారు, అర్చకులు, పరిచారకులు ఎవరి పని వారెఱిగినవారే యైనను, అందఱి పనిని ఒక్క వరుసకు తెచ్చు వేళాక్రమ మొకటి లేనిచో సేవ సాగనట్లు, దేహమందలి ఈ కోటానుకోట్ల గడియారములకును ఒక నియామక కేంద్రము కావలెను. ఆ కేంద్రము మెదడు అడుగుభాగమున, రెండు కన్నులనుండి వచ్చు నాడులు ఒకదానినొకటి దాటు చోటికి సరిగా మీదుగా, సుమారు ఇరువదివేల నాడీకణముల చిన్న గుంపునందున్నది. ఆ గుంపు తనంతట నడచు దినము ఇరువదినాలుగు గంటలకంటె కొలది నిమిషములు దీర్ఘము. కావున దానిని ప్రతిదినము సరిదిద్దవలెను. సరిదిద్దునది కంటిద్వారా లోనికి వచ్చు ఉదయపు వెలుగు.

ఇక ఆ కేంద్రపు రాత్రివార్తను దేహమంతటికిని చేర్చు మెలటోనిన్ అను ద్రవ్యపు కథ. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు, వేలకొలది పశువుల పీనియల్ గ్రంథులను సేకరించి, వానినుండి కప్పచర్మపు రంగును తేలికపఱచు ఒక ద్రవ్యమును వేఱుచేసి దానికి మెలటోనిన్ అని పేరు పెట్టెను. చర్మము కొఱకు వెదకినవానికి చీకటియొక్క దూత లభించినది. మెదడు నడిమధ్యనున్న ఆ చిన్న గ్రంథి, నియామక కేంద్రము అనుజ్ఞ ఇచ్చినపుడే, చీకటిలో మాత్రమే, ఈ ద్రవ్యమును రక్తములోనికి వదలును. మనము అలవాటుగా నిద్రించు వేళకు సుమారు రెండు గంటలు ముందుగా అది రక్తమున పెరుగ నారంభించి, నడిరేయి దాటిన పిదప పరాకాష్ఠ నందుకొని, తెల్లవారునప్పటికి అడుగంటును. నడుమ బలమైన దీపము కంటికి తగిలినచో దాని పుట్టుక అణగిపోవును. దీనిని నిద్రమందని తలచుట సరికాదు. రాత్రి తిరుగు జంతువులలో కూడ ఇది రాత్రివేళనే పెరుగును. ఇది రాత్రియైనదని దేహమందలి ప్రతి అవయవమునకు అందు వార్త. ఆ వార్తను విని మనుష్యుడు నిద్రించును.

కంపవాతము ఈ యేర్పాటును చెఱచు విధము ఒక్కటి గాదు, అనేకములు. వానిలో ఒకటి, కన్ను దెబ్బతినుట. కంటి వెనుకపొరలోను డోపమైన్ కలదు. అచ్చట అది పగటి ద్రవ్యము, మెలటోనిన్ రాత్రి ద్రవ్యము. ఒకటి హెచ్చినపుడు రెండవది తగ్గుచు, ఒకదానినొకటి అదుపున నుంచుచుండును. ఈ రోగులలో కంటిపొరలోని డోపమైన్ తగ్గుటచే, వెలుగు వార్తయే నియామక కేంద్రమునకు సరిగా చేరదు. పైగా రోగి నడువలేక ఇంటిలోనే, గదిమూలనే కాలము గడపును గనుక, చేరవలసిన వెలుగే కంటికి అరుదగును. ఆ మీదట మెలటోనిన్ తగ్గును. 2014లో అమెరికాలోని షికాగో నగరమున అలెగ్జాండర్ విదెనోవిచ్ ప్రభృతులు, ఇరువదిమంది కంపవాత రోగులయొక్కయు, పదునైదుగురు ఆరోగ్యవంతులయొక్కయు రక్తమును అరగంట కొకసారి చొప్పున రేయింబవళ్లు తీసి పరీక్షించిరి. మెలటోనిన్ రోగులలో పెరిగిన ఎత్తు ఆరోగ్యవంతులలో కంటె చాల తక్కువగా నుండెను. పగటి నిద్రమత్తు అధికముగా గల రోగులలో అది మఱింత తక్కువగా నుండెను. పగలు పగలుగా, రాత్రి రాత్రిగా శరీరమునకు తోచని స్థితి యిది.

ఇంతకంటె ముందే తోచు గుర్తొకటి కలదు. ఆరోగ్యవంతుడు కల కనునపుడు దేహపు కండరములన్నియు సడలి కదలక పడియుండును. కలలో పరుగెత్తినను మంచముపై కాలు కదలదు. కొందఱిలో ఈ కట్టు తెగిపోయి, కలలో కొట్టిన దెబ్బ ప్రక్కనున్న భార్యకు తగులును. కలలో తఱుముకొని వచ్చు పశువును తప్పించుకొనబోయి మంచమునుండి పడిపోదురు. 1986లో మిన్నెసోటాలోని షెంక్, మహోవాల్డ్ అను వైద్యులు దీనిని ఒక వ్యాధిగా వర్ణించిరి. ఇట్టివారిలో పెక్కుమందికి కొన్ని యేండ్ల తరువాత, ఒక్కొక్కప్పుడు పదియేండ్లు గడచిన తరువాత, కంపవాతమో తత్సంబంధమైన వేఱొక వ్యాధియో బయలుపడుచున్నదని నేడు స్థిరపడినది. ఏలయన ఈ రోగము పెక్కుమందిలో నడిమెదడులోని ఆ నల్లని భాగమును ముట్టకముందే మెదడుకాండపు దిగువభాగమున, నిద్రను శాసించు తావులకు సమీపమున, అంకురించును. కాబట్టి ఏబదియేండ్లు దాటిన పురుషుడు నిద్రలో కేకలు వేయుచు చేతులు విసరుచున్నచో, దయ్యము పట్టినదని తాయెత్తు కట్టించుటకు మారుగా నాడీవైద్యునికి చూపుట మేలు.

ఇక రాత్రి గడచు తీరును కొంచెము దగ్గఱగా చూతము. మందు వ్రాయించుకొనుటకు వచ్చిన ఒక కోడలిని, "మీ మామకు రాత్రి నిద్ర ఎట్ట పడతా ఉందమ్మా?" యని వైద్యుడు అడిగినచో, ఆమె "యాడ సార్, రేయంతా మేలుకోనే ఉంటాడు, పగులంతా కునుకుతా ఉంటాడు" అని చెప్పును, అడగనిచో చెప్పదు. ఆ మేలుకొనుట వెనుక ఎన్ని యాతనలున్నవో ఆలకింపుడు. రాత్రి ఎనిమిది గంటలకు మ్రింగిన లెవోడోపా మాత్రలోని మందు గంటన్నరకొకసారి సగము సగముగా రక్తమునుండి తఱిగిపోవును. నడిరేయి దాటునప్పటికి దేహము బిగుసుకొని, ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు దొర్లుట కూడ అసాధ్యమగును. ఆయన పండుకొన్నది ఏండ్లనాటి నులకమంచము. నడుము భాగమున గుంట పడియుండును. ఆరోగ్యవంతునికే ఆ గుంటనుండి లేచుట కష్టము. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రమునకు లేవవలసివచ్చును. పడుకొన్నపుడు పెరిగిన రక్తపుపోటు లేచి నిలుచున్నంతనే ఒక్కసారిగా పడిపోవుటచే కన్నులు చీకట్లు క్రమ్మును. గడప తగిలి పడినచో తుంటి యెముక విఱుగును. నిద్రలేని భార్య తెల్లవారి లేచి పొయ్యి రాజేసి, పశువులకు మేత వేసి, పనికి పోవును. ఈ రాత్రిబాధ ఇద్దఱి ఆరోగ్యమును హరించుచున్నది. చీటీలో మాత్రము ఒక్కరి పేరే యుండును.

దీనికి మెలటోనిన్ మాత్ర విరుగుడగునా? సత్యము చెప్పవలెనన్నచో, కొంతవఱకే. 2005లో అమెరికాలో నలువదిమంది రోగులపై జరిగిన పరీక్షలో, 50 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు రాత్రి నిద్రను సుమారు పది నిమిషములు మాత్రమే పెంచినది. 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు తీసికొన్నవారు తమ నిద్ర బాగుపడినదని చెప్పిరి. 2007లో బ్రెజిల్ దేశమున 3 మిల్లీగ్రాముల మోతాదుతో జరిగిన పరీక్షలోను ఇంచుమించు ఇదియే కనబడినది: రోగులు తమకు సుఖనిద్ర కలిగినదనిరి, నిద్రను కొలుచు యంత్రములు పెద్ద మార్పును చూపలేదు. వణకు, బిగువు, మందగతి ఈ మాత్రచే తగ్గినట్లు ఆ పరీక్షలలో కానరాలేదు. కలలో చేతులు విసరు వ్యాధికి మాత్రము వైద్యులు దీనిని తఱచుగా వాడుచున్నారు. మత్తు మాత్రలకంటె వృద్ధులకు ఇది సౌమ్యమని వారి యనుభవము. ఎలుకలపై జరిగిన ప్రయోగములను చూచి, మెలటోనిన్ మెదడు కణములను నాశమునుండి కాపాడునని వ్యాపారప్రకటనలు చెప్పుచున్నవి గాని, మనుష్యులలో అట్లు నిరూపితము కాలేదు. రక్తమును పలుచబఱచు మందులు మొదలైన వానితో కలిసినపుడు ఇది చిక్కులు కలిగింపవచ్చును. అంగటిలో దొరకుచున్నది గదా యని కొని మ్రింగుట తగదు. మోతాదు ఎంతయో, ఏ వేళకు వేసికొనవలెనో, రెండింటిని వైద్యుడే నిర్ణయింపవలెను. వేళ తప్పిన మెలటోనిన్ గడియారమును సరిదిద్దుటకు మారుగా మఱింత తప్పుదారి పట్టించును.

మాత్ర కొంతయే చేయగలిగినచోట వెలుగు ఏమి చేయగలదు? 2017లో ఆ విదెనోవిచ్ ప్రభృతులే ముప్పది యొక్కరు రోగులను ఎంచి, కొందఱిని 10,000 లక్సుల (లక్సు వెలుగును కొలుచు ప్రమాణము) ప్రకాశము గల దీపము ముందు ఉదయము ఒక గంట, అపరాహ్ణము ఒక గంట చొప్పున పదునాలుగు దినములు కూర్చుండబెట్టిరి. తక్కినవారికి మసక యెఱ్ఱదీపమును పెట్టిరి. ప్రకాశమానమైన దీపము ముందు కూర్చున్నవారికి పగటి నిద్రమత్తు తగ్గెను, రాత్రినిద్ర మెఱుగుపడెను. పరీక్ష చిన్నదే, అయినను అది చూపిన దారి మనకు మిక్కిలి అనుకూలము. శీతకాలమున సూర్యుడు ముఖము చాటువేయు దేశములవారు దీపము కొని తెచ్చుకొనవలెను. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములు భూమధ్యరేఖకు ఉత్తరముగా పదుమూడు డిగ్రీల చిల్లరలో నున్నవి. మార్గశిరమాసపు మిక్కిలి చిన్న పగలు కూడ ఇచ్చట 11 గంటలకు తక్కువ గాదు. తలుపులు మూసిన గదిలో పగటిపూట వెలుగు 100 నుండి 300 లక్సులకు మించదు. అదే వాకిటిలోనికి వచ్చినచో, మబ్బు క్రమ్మిన దినమందును, దానికి ఎన్నో రెట్లు లభించును. ఇంత సంపద గుమ్మము వెలుపల నుండగా రోగిని చీకటిగదిలో పండుకొనబెట్టి, ఆయన పగలు నిద్రపోవుచున్నాడని మనము చింతించుచున్నాము.

కనుక మీరు చేయదగిన పనులను కొన్ని విన్నవించుచున్నాను. ప్రొద్దు పొడిచిన పిదప, బారెడు ప్రొద్దెక్కులోపల, రోగిని పంచలోనికో వాకిటిలోనికో తెచ్చి ఒక గంటసేపు కూర్చుండబెట్టుడు. నడువగలవారిని తోడుండి నడిపింపుడు. సూర్యుని నేరుగా చూడనక్కఱలేదు, ఆకాశపు వెలుగు చాలును. వేసవిలో, విశేషించి రోహిణీకార్తెలో, ఎండ ముదిరిన తరువాత వెలుపల నుంచుట ప్రమాదము. నీరు తగ్గినచో రక్తపుపోటు పడిపోవును గనుక మజ్జిగయో, నీరో తఱచు త్రావింపుడు. మజ్జిగ మాత్రము మాత్ర వేసికొను వేళకు ఎడముగా నుండవలెను. మధ్యాహ్నపు కునుకు అరగంటకు మించనీయకుడు. భోజనము ఏ దినమున కా దినము ఒకే వేళకు పెట్టుడు. సంగటితో తిను పప్పు, గ్రుడ్డు, పాలు మొదలైనవానిలోని మాంసకృత్తులు లెవోడోపాను ప్రేగులలో అడ్డగించును. కాబట్టి వైద్యుడు వేఱుగా చెప్పనిచో మాత్రను భోజనమునకు అరగంట ముందు వేయుడు. ప్రొద్దుగూకిన తరువాత ఇంటిలో వెలుగును తగ్గించుచు రండు. పండుకొనబోవుటకు గంటకు ముందే టెలివిజను, సెల్‌ఫోను కట్టివేయుడు. రాత్రి గదిని చీకటిగా నుంచవలెను గాని, స్నానపుగదికి పోవు త్రోవలో నేలకు దగ్గఱగా చిన్న పసుపువన్నె బల్బు నొకదానిని పెట్టుడు. ఆ మాత్రపు వెలుగు మెలటోనిన్‌ను అంతగా చెఱుపదు, పడిపోవుటను మాత్రము తప్పించును. నులకమంచమునకు బదులు గట్టి పఱుపుగల బల్లమంచము మేలు. తల ప్రక్కను మంచపుపట్టెకు ఒక దృఢమైన త్రాటిని కట్టినచో దానిని పట్టుకొని రోగి తానే ప్రక్కకు దొర్లగలడు, లేవగలడు. లేచిన వెంటనే నిలువక, మంచముమీద కాళ్లు క్రిందికి వ్రేలాడవైచి రెండు నిమిషములు కూర్చుండుమని చెప్పుడు.

అన్నింటికంటె ముఖ్యమైన పని మఱియొకటి కలదు. చౌకైన బడిపుస్తక మొకటి కొని, ఒక వారముపాటు రోగి ఎప్పుడు నిద్రించెను, ఎప్పుడు మేల్కొనెను, మాత్ర ఏ గంటకు వేసెను, ఏ గంటకు బిగుసుకొనెను, కలలో కేకలు వేసెనా, ఎన్నిసార్లు మూత్రమునకు లేచెను అను విషయములను వ్రాయుడు. చదువురానివారు బడికిపోవు మనుమరాలిచేత వ్రాయింపుడు. ఆ పుస్తకమును వైద్యునియొద్దకు తీసికొనిపొండు. రాత్రికి దీర్ఘకాలము పనిచేయు మాత్రను మార్చవలెనా, వేళలను జరుపవలెనా, మెలటోనిన్ పనికివచ్చునా అను నిర్ణయము లన్నియు ఆ పుటలను చూచినప్పుడే సులభమగును. ఇందుకై దూరదేశములకు పోనక్కఱలేదు. తిరుపతిలో 1960లో స్థాపితమైన వైద్యకళాశాలకు అనుబంధముగా రుయా ఆసుపత్రి కలదు. 1993నుండి సేవచేయుచున్న శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. నాడీవైద్యమునందు నిష్ణాతురాలైన బి. వెంగమ్మగారు చిరకాలము ఆ సంస్థకు సంచాలకురాలుగా నుండుటవలన ఈ జిల్లాల ప్రజలకు మెదడువ్యాధుల వైద్యము చేరువైనది.

వైద్యులకు కూడ సవినయముగా ఒక్క విన్నపము. రోగి చేతిని పరీక్షించునపుడు వణకునే గాక, రాత్రిని గూర్చి కూడ అడుగుడు. రోగినే గాక, ప్రక్కన నిలుచున్న స్త్రీని కూడ అడుగుడు. ఈ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. కాని నేటికిని మన చేతిలో నున్నది రోగి దినమును దినముగా, రాత్రిని రాత్రిగా నిలుపుట. పంపాపతిరావుగారి ఆలిచిప్పలు నేర్పిన పాఠమే యిది: ప్రాణిలోని లయ మొండిది, అయినను పరిసరములు దానిని సరిదిద్దగలవు. ఆ పరిసరము మన యిల్లే, దానిని దిద్దువారము మనమే. ఇది విన్న ప్రతి యింటివారును, తమ యింట గాని ఇరుగుపొరుగున గాని ఇట్టి రోగి యున్నచో, రేపటి యుదయమే ఆయన మంచమును వెలుగులోనికి జరిపి, ఈ వారమే ఆ పుస్తకమును మొదలిడుదురుగాక యని కోరుచున్నాను.